వాట్స్ స్టిక్కర్ చూసి కొనకండి: తక్కువ బడ్జెట్‌లో పాత రిసీవర్, మంచి స్పీకర్లు

[మొదటి షాట్: చెక్క పెట్టెలో పాత రిసీవర్, ట్యూనింగ్ చక్రం తిప్పుతున్న చెయ్యి, డయల్ వెనక లైటు]

ఈ చక్రం చూడండి, ఒక్కసారి తిప్పి వేలు తీసేసినా ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ముల్లు డయల్ ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోతుంది. లోపల బరువైన ఫ్లైవీల్ ఉంటుంది కాబట్టి అలా తిరుగుతుంది. ఇది మా పెదనాన్న కువైట్‌లో పనిచేసేటప్పుడు కొని తెచ్చిన సాన్సుయ్ రిసీవర్. ఆయన పోయాక పన్నెండేళ్ళు అటక మీద పడి ఉంది, గుడ్డలో చుట్టి. దీన్ని మళ్ళీ పాడించడానికి మొత్తం నాకు అయిన ఖర్చు ఒక మామూలు బ్లూటూత్ సౌండ్‌బార్ ఖరీదు కంటే తక్కువ, వినిపించేది మాత్రం ఆ సౌండ్‌బార్ దగ్గర ఎప్పటికీ వినిపించదు.

అందుకే ఈ వీడియో. చేతిలో 20, 25 వేలు ఉన్నాయి, ఇంట్లో మంచి పాట వినాలి, ఏం కొనాలి, ఎలా చూసి కొనాలి. రిసీవర్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను: యాంప్లిఫైయర్, రేడియో రెండూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని రిసీవర్ అంటారు. దానికి విడిగా రెండు స్పీకర్లు కలుపుకుంటాం. అంతే.

ముందు వాట్స్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. తొంభైల్లో టేప్ రికార్డర్ల మీద మెరిసే స్టిక్కర్ ఉండేది గుర్తుందా, 1000 వాట్స్ పీఎంపీఓ అని? అదే డబ్బా వెనక్కి తిప్పి చూస్తే కరెంటు ఎంత తీసుకుంటుందో రాసి ఉండేది, అది చాలాసార్లు రెండంకెలు దాటేది కాదు. 40 వాట్స్ తీసుకునే పెట్టె 1000 వాట్స్ పాట ఎక్కడి నుంచి తెస్తుంది? పీఎంపీఓకి ఒక లెక్క, ఒక ప్రమాణం అంటూ ఏమీ లేవు, ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకున్నారు. అమెరికాలో కూడా ఒకప్పుడు ఇలాగే నడిచింది. అప్పుడు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో ఒక నియమం తెచ్చింది: రెండు చానెళ్ళూ, అంటే ఎడమ, కుడి రెండూ, ఒకేసారి పనిచేస్తూ, ఆగకుండా ఎన్ని వాట్స్ ఇస్తుందో, అప్పుడు డిస్టార్షన్, అంటే సౌండు చెడేది, ఎంతో, అవే చెప్పాలి అని. అందుకే ఆ దశకంలో వచ్చిన జపాన్ రిసీవర్ల మీద ఉన్న అంకెని ఇప్పటికీ నమ్మొచ్చు. మారంట్జ్ 2230 అంటే చానెల్‌కి 30 వాట్స్, 2270 అంటే 70, పేరులోనే ఉంది. ఆ తర్వాత కంపెనీల మధ్య పోటీ ముదిరి 1978లో పయనీర్ ఎస్ఎక్స్-1980 వచ్చింది, చానెల్‌కి 270 వాట్స్, బరువు దాదాపు 35 కిలోలు. ఒక్కరు ఎత్తలేరు దాన్ని.

మనకి అంత అవసరమా? అస్సలు అవసరం లేదు, ఎందుకో చెప్తాను, ఈ ఒక్క లెక్క అర్థమైతే సగం పని అయిపోయినట్టే. ప్రతి స్పీకర్‌కి సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. ఉదాహరణకి సోనీ ఎస్ఎస్-సీఎస్5కి 87 డెసిబెల్స్. అంటే ఒక్క వాట్ పంపితే మీటరు దూరంలో సుమారుగా 87 డెసిబెల్స్ వినిపిస్తుంది, ఒక్క వాట్‌కే! అది ఇంట్లో మాటలు వినపడనంత సౌండు. వాట్స్ రెట్టింపు చేసిన ప్రతిసారీ పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 2 వాట్స్‌కి 90, 4కి 93, 8కి 96, 16కి 99, 32కి 102. కాబట్టి 30 వాట్స్ రిసీవర్‌కీ 60 వాట్స్ రిసీవర్‌కీ తేడా 3 డెసిబెల్స్, చెవికి అది కాస్త పెరిగినట్టు తెలుస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. అదే 87 బదులు 90 సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ తీసుకుంటే రిసీవర్ పవర్ రెట్టింపు చేసినంత లాభం, పైసా ఖర్చు లేకుండా.

అందుకే నా చేతిలో 25 వేలు ఉంటే 15 వేలు స్పీకర్లకే పెడతాను. ఏడెనిమిది వేలు రిసీవర్‌కి, మిగిలింది సర్వీసింగ్‌కి, వైర్లకి. యాంప్లిఫైయర్‌లో మంచిదానికీ మరీ మంచిదానికీ తేడా చిన్నది. స్పీకర్లలో ఆ తేడా మీ అమ్మగారికి కూడా వంటింట్లోంచి తెలిసిపోతుంది.

[షాట్: రిసీవర్ వెనక ప్లేటు, వోల్టేజ్ సెలెక్టర్ దగ్గరగా]

ఇప్పుడు పాత రిసీవర్ ఎక్కడ దొరుకుతుంది అనేది. హైదరాబాద్‌లో అయితే ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మెరాత్ బజార్, కోఠి చుట్టుపక్కల గల్లీలు. కానీ నన్నడిగితే మొదట వెతకాల్సింది మన చుట్టాల ఇళ్ళలో. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమ, పాతబస్తీ, ఇక్కడ్నుంచి గల్ఫ్ వెళ్ళిన వాళ్ళు లెక్కలేనంత మంది, అప్పట్లో తిరిగొచ్చేటప్పుడు జపాన్ సెట్టు తేవడం ఒక గౌరవం. ఆ సెట్లకి ఒక పెద్ద సుగుణం ఉంది. చాలా దేశాల్లో అమ్మడానికి చేసినవి కాబట్టి చాలావాటికి వెనక ఇదిగో ఇలాంటి వోల్టేజ్ సెలెక్టర్ ఉంటుంది, 110, 120, 220, 240. మన దగ్గర 230, దాన్ని 240 మీద పెట్టుకుంటే చాలు.

ఆన్‌లైన్‌లో అందంగా కనిపించే అమెరికా మోడళ్ళకి చాలావరకు ఇది ఉండదు, వెనక 120 వోల్ట్స్ అని మాత్రమే రాసి ఉంటుంది. జపాన్ లోపల అమ్మినవైతే 100 వోల్ట్స్. తెలియక నేరుగా మన ప్లగ్గులో పెడితే అక్కడికక్కడే పొగ. ఒకాయన నాకు అలాంటి సెట్టునే "అన్నీ చెక్ చేశాం సార్, పెట్టుకోవడమే" అని అమ్మాడు, ప్లేటు చదవకుండా పెట్టాను, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, ఇల్లంతా రెండు రోజులు వార్నిష్ కాలిన వాసన. డబ్బు పోయినందుకు కాదు, అంత మంచి యంత్రం నా చేతుల్లో పోయిందని ఇప్పటికీ బాధే. కొనే ముందు వెనక ప్లేటు ఫోటో అడగండి, పంపకపోతే ఆ బేరం వదిలేయండి. 120 వోల్ట్స్ సెట్టే కావాలనుకుంటే స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, ప్లేటు మీద ఉన్న వాట్స్‌కి కనీసం రెట్టింపుది. పైగా అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50, కాబట్టి సెట్టు ఇక్కడ కాస్త ఎక్కువ వేడెక్కుతుంది, చుట్టూ గాలి ఆడేలా పెట్టండి.

డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు అడుగుతుంటారు, ఇక్కడ పాత సామాన్ల షాపుల్లో దొరికింది, ఇండియాకి తెచ్చుకోనా అని. సెలెక్టర్ లేకపోతే అక్కడే వినండి, మోసుకు రావద్దు. జపాన్ లోకల్ సెట్టుకి ఇంకో చిక్కు కూడా ఉంది: ఆ పాత సెట్ల ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్, మన హైదరాబాద్ ఆకాశవాణి రెయిన్‌బో 101.9. ముల్లు అక్కడిదాకా పోనే పోదు.

[షాట్: సంతలో నేల మీద పరిచిన పట్టా, దాని మీద రిసీవర్లు]

సరే, సంతలో సెట్టు దొరికింది. అమ్మే అతను "పనిచేయట్లేదు భాయ్, పార్ట్స్ కోసం తీసుకో" అంటున్నాడు. వదిలేసి వచ్చే ముందు మూడు చూడండి. ముందు వైపు టేప్ మానిటర్ అనే బటన్ ఉంటుంది, అది నొక్కి ఉంటే రిసీవర్ టేప్ డెక్ నుంచి పాట వస్తుందని ఎదురుచూస్తూ ఉంటుంది, డెక్ లేదు కాబట్టి చప్పుడే ఉండదు. రెండోది స్పీకర్ సెలెక్టర్, ఏ, బీ అని ఉంటుంది, అది ఆఫ్‌లో ఉందేమో. మూడోది వెనక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ అని ఉన్న చోట రెండు చిన్న యు ఆకారపు లోహపు కడ్డీలు ఉంటాయి కొన్ని మోడళ్ళకి. అవి ఊడి పోయి ఉంటే సౌండ్ రాదు, మామూలు ఆర్‌సీఏ వైరు ముక్కతో కలిపేయొచ్చు. టేప్ మానిటర్ నొక్కి ఉన్న సెట్లని చచ్చిన సెట్లుగా అమ్మేయడం నేను రెండుసార్లు చూశాను. ఒకటి నేనే కొన్నాను, బటన్ సంగతి అతనికి చెప్పి, ఇంకో ఐదొందలు ఎక్కువిచ్చి.

ఏళ్ళ తరబడి మూలన పడ్డ సెట్టుని మాత్రం ఒక్కసారిగా కరెంటులో పెట్టకండి. మన ఎలక్ట్రీషియన్లందరి దగ్గరా సీరీస్ బల్బు బోర్డు ఉంటుంది, 60 లేదా 100 వాట్స్ పాత ఫిలమెంట్ బల్బు, ఎల్ఈడీ పనికిరాదు. దాని ద్వారా పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, వెంటనే తీసేయండి. బల్బు మసకబారాక కొన్ని సెకన్లకి చాలా సెట్లలో లోపల టక్ మని రిలే చప్పుడు వస్తుంది, అది వస్తే నాకు ప్రాణం లేచొస్తుంది.

స్పీకర్ కలిపే ముందు ఇంకొక్క పని, ఇది మాత్రం ఎవరూ మానకండి. సెట్టుని నేరుగా కరెంటులో పెట్టి పది నిమిషాలు వేడెక్కనిచ్చి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ డీసీలో పెట్టి చూడండి. 50 మిల్లీవోల్ట్స్ లోపు ఉంటే నిశ్చింతగా కలుపుకోండి. 100 దాటితే మెకానిక్ దగ్గరికి. వోల్ట్స్‌లో చూపిస్తే అస్సలు కలపకండి, స్పీకర్ కాయిల్ మాడిపోవచ్చు. మూత మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జ్ ఉండిపోతుంది.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందా, భయపడకండి, అది దుమ్ము, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే పోతుంది. తుప్పు వదిలించే మామూలు స్ప్రే మాత్రం కొట్టొద్దు. ఎనభైల తర్వాతి సెట్టు అయితే లోపల ఎస్‌టీకే ఐసీ, అంటే యాంప్లిఫైయర్ పవర్ భాగమంతా ఒకే ముక్కలో ఉండే చిప్, ఉందా అని మెకానిక్‌ని అడగండి. ఉంటే తప్పేం లేదు, పాడినన్నాళ్ళు బాగానే పాడుతుంది, కానీ కాలిపోతే అసలుది దొరకడం చాలా కష్టం, బజార్లో దొరికేవాటిలో నకిలీవే ఎక్కువ. విడి ట్రాన్సిస్టర్లతో చేసిన సెట్టు అయితే ఏ ఊళ్ళో అయినా బాగుచేయొచ్చు. ఇంకో మాట, 2005, 2010 నాటి హోమ్ థియేటర్ రిసీవర్లని హెచ్‌డీఎంఐ పాతబడిందని జనం చవగ్గా వదిలించుకుంటున్నారు. పాటలకి రెండు చానెళ్ళు చాలు కాబట్టి మీకు అవి కూడా మంచి బేరమే.

ఫోన్ కలపడానికి ఆక్స్ లేదా టేప్ ఇన్, ఏదైనా ఒకటే. ఫోనో అని ఉన్నదాంట్లో పెట్టొద్దు, అది రికార్డ్ ప్లేయర్ కోసం, ఫోన్ పెడితే పగిలిపోయినట్టు వినిపిస్తుంది.

[షాట్: గ్రిల్ తీసిన స్పీకర్, వూఫర్ అంచు దగ్గరగా]

స్పీకర్లు. పాతవి కొంటే గ్రిల్ తీసి వూఫర్, అంటే బేస్ పలికే పెద్ద కోన్, అంచు చూడండి. ఫోమ్ అయితే పది, పదిహేనేళ్ళకి పొడైపోతుంది, మన తేమకి ఇంకా తొందరగా. వేలు తగిలితే చాక్‌పీస్‌లా రాలుతుంది. రబ్బరు అంచు అయితే చాలా కాలం నిలుస్తుంది. రెండు చేతుల వేళ్ళతో కోన్‌ని మెల్లగా లోపలికి నొక్కి వదలండి, గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ రాసుకుంటోంది, వద్దు. ఫోమ్ పోయినా మిగతాదంతా బాగుంటే అంచు ఒక్కటే మార్పించుకోవచ్చు, మైక్‌సెట్లు బాగుచేసే షాపుల్లో చేస్తారు. ఒక్క జాగ్రత్త, "కోన్ కూడా కొత్తది కట్టేస్తాను" అంటే ఒప్పుకోకండి. ఊరేగింపుల స్పీకర్‌కి వాడే గట్టి కోన్ వేస్తే మీ ఇంటి స్పీకర్ గొంతే మారిపోతుంది.

స్పీకర్ మాత్రం కొత్తదే కొంటే మనసుకి టెన్షన్ ఉండదు అనుకుంటే, అదీ మంచిదే, నేను కూడా చాలామందికి అదే చెప్తాను. పాత రిసీవర్, కొత్త బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. వెనక 8 ఓమ్స్ లేదా 6 ఓమ్స్ అని ఉండాలి, 4 ఓమ్స్‌వి పాత రిసీవర్‌ని బాగా వేడెక్కిస్తాయి. మన దేశంలో సోనోడైన్ అని కోల్‌కతా కంపెనీ ఉంది, 1970 నుంచి ఉంది, వాళ్ళ పాత స్పీకర్లు ఎవరింట్లోనైనా కనిపిస్తే తప్పకుండా ఒకసారి విని చూడండి. వైరుకి వేలు పోయకండి. కరెంటు షాపులో 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు.

ఇక గది. మన ఇళ్ళు సిమెంటు గోడలు, స్లాబు, టైల్స్, చప్పట్లు కొడితే గంట మోగినట్టు ఉంటుంది. ఆ గదిలో లక్ష రూపాయల స్పీకర్ పెట్టినా గొంతు గజిబిజిగానే ఉంటుంది. మా హాల్లో స్పీకర్లకీ సోఫాకీ మధ్య వరంగల్ జంపఖానా పరిచాను, కిటికీలకి మందం కర్టెన్లు వేశాను, వెనక గోడకి పుస్తకాల అల్మరా జరిపాను. అదే స్పీకర్లు, అదే రిసీవర్, పాటలో మాటలు విడివిడిగా తెలియడం మొదలైంది. స్పీకర్లని షోకేస్ మీద, టీవీ పైన పెట్టకండి. ట్వీటర్, అంటే సన్నటి సౌండు పలికే చిన్నది, మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తులో ఉండాలి, గోడకి అడుగున్నర దూరం, మూలకి ఇంకా దూరం. చోటు లేక గోడకి ఆనించాల్సి వస్తే బేస్ గుమ్ గుమ్ మంటుంది, స్పీకర్ వెనక గొట్టం ఉంటే అందులో ఒక జత సాక్స్ చుట్టి పెట్టండి, చాలావరకు తగ్గుతుంది.

అన్నీ కలిపాక ఘంటసాల గారి పాత పాట ఒకటి పెట్టండి, రీమిక్స్ కాకుండా అసలుది. ఆ కాలం రికార్డింగులు ఎక్కువగా మోనో, రెండు స్పీకర్లలో ఒకటే వస్తుంది, అందుకే పరీక్షకి అంతకంటే మంచిది లేదు. మధ్యలో కూర్చుని కళ్ళు మూసుకోండి. ఆయన గొంతు రెండు స్పీకర్ల నడిమధ్య, ఏమీ లేని చోటు నుంచి రావాలి. గొంతు గదంతా చెదిరిపోయినట్టు, బేస్ పలచగా ఉంటే ఒక స్పీకర్‌కి ఎరుపు, నలుపు తారుమారయ్యాయి, మార్చి మళ్ళీ వినండి. గొంతు మధ్యలోకి వచ్చింది కానీ కాస్త ఎడమకి లాగుతోంది అంటే ఎడమ స్పీకర్‌ని ఒక నాలుగు వేళ్ళు వెనక్కి జరిపి, మళ్ళీ మొదటి చరణం నుంచి.