"ముట్టుకోవద్దు" అన్న తర్వాత ఏం చెప్పాలి?

(పిల్లలను మ్యూజియానికి తీసుకెళ్లే ఉపాధ్యాయుల కోసం చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

టూర్ల కాలం వచ్చింది కదా, మ్యూజియంలో పాటించాల్సిన నియమాల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. నియమాల బోర్డు ప్రతి మ్యూజియం గేటు దగ్గరా ఉంటుంది. ముట్టుకోవద్దు, పరిగెత్తవద్దు, తినవద్దు, ఫ్లాష్ వేయవద్దు. అది చదివి వినిపించడానికి నేను రానక్కర్లేదు. సోషల్ టీచర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. పిల్లల్ని ఎక్కువసార్లు తీసుకెళ్లింది హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి. ఆ తిరుగుళ్లలో నాకు అర్థమైన సంగతి ఒకటుంది. "వద్దు" అని చెప్పి ఊరుకుంటే పిల్లలు సెక్యూరిటీ వాళ్ల వైపు భయంగా చూస్తూ నడుస్తారు. ఎందుకు వద్దో చెబితే వస్తువు వైపు చూస్తారు. మీరందరూ ఆ "ఎందుకు" చెప్పాలన్నదే నా కోరిక.

ముందు నేను చేసిన పొరపాటు చెబుతాను. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లింది శుక్రవారం. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పులిహోర పొట్లాలు కట్టుకుని వచ్చిన పిల్లలు మూసిన గేటు ముందు నిలబడ్డారు. కనుక్కోకుండా బయలుదేరడం పూర్తిగా నా తప్పే. వెనక్కి వెళ్లేటప్పుడు బస్సులో ఎవరూ పాట పాడలేదు. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ గుర్తుంది.

సెలవు రోజు అన్నిచోట్లా ఒకటే కాదు. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలకు కూడా శుక్రవారమే సెలవు. కోల్‌కతాలోని ఇండియన్ మ్యూజియానికి సోమవారం. కాబట్టి రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి, తెరిచే వేళలు, టికెట్ ధర, బడి పిల్లలకు రాయితీ, బస్సు ఆపే చోటు కనుక్కోండి. హెడ్‌మాస్టర్ సంతకంతో ఒక ఉత్తరం దగ్గర ఉంచుకోండి. నాగార్జునకొండకైతే విజయపురి సౌత్ నుంచి లాంచీలో వెళ్లాలి. గాలివాన ఉంటే లాంచీ కదలదు. వెళ్లే వేళతో పాటు తిరుగు లాంచీ వేళ కూడా రాసుకోండి. ఈ పనులకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. అసలు విషయానికి వస్తాను.

మన పిల్లలకు ముట్టుకోవడం తప్పు పని కాదు. గుడికి వెళ్తే గడపను తాకి కళ్లకద్దుకుంటారు. నంది వీపు నిమురుతారు. స్తంభం మీద బొమ్మ కనిపిస్తే చెయ్యి దానంతట అదే వెళ్తుంది. అది ఇంట్లో పెద్దవాళ్లు నేర్పిన గౌరవం. అలాంటి పిల్లవాడు మ్యూజియంలో రాతి విగ్రహం పాదాలు తాకబోతే ఎవరో "ఏయ్" అని గద్దిస్తారు. తను చేసిన తప్పేమిటో వాడికి అర్థం కాదు. నా దృష్టిలో అక్కడ తప్పు మనది, ముందుగా చెప్పలేదు కాబట్టి.

అందుకే బస్సు ఎక్కడానికి ముందే పిల్లల్ని ఊళ్లో ఉన్న పాత గుడికి తీసుకెళ్లండి. చేతికి అందే ఎత్తులో ఉన్న శిల్పాలను, అందనంత పైన ఉన్న శిల్పాలను పక్కపక్కనే చూపించండి. కిందివాటి ముక్కులు, మోకాళ్లు అరిగిపోయి, నూనె పట్టి నల్లగా నిగనిగలాడుతుంటాయి. పైవాటి మెడలో పూసలు ఇంకా లెక్కపెట్టవచ్చు. కింది శిల్పాలను పాడుచేయాలని ఎవరూ అనుకోలేదు. అందరూ భక్తితోనే తాకారు. ఒక్కొక్కరూ ఒక్కసారే తాకి ఉంటారు. ఆ మాట అక్కడే, ఆ స్తంభం దగ్గరే చెప్పండి. ఏ బోర్డూ అంత బాగా చెప్పలేదు.

తరగతిలో ఇంకో పని కూడా చేయవచ్చు. ఒక రాగి చెంబును చింతపండుతో తళతళలాడేలా తోమి, తడి లేకుండా తుడవండి. కాసేపు ఆడుకుని వచ్చిన పిల్లవాడిని ఒక చోట వేలితో గట్టిగా నొక్కమనండి. చెంబును అలాగే అల్మారాలో పెట్టండి. కొన్నాళ్లకు వేలు పెట్టినచోట మచ్చ తేలుతుంది. మన చెమటలో ఉప్పు, నూనె, కొంచెం ఆమ్లం ఉంటాయని సైన్స్ టీచర్ చెబితే చాలు, మ్యూజియంలో వెండి పళ్లెం, కత్తి పిడి గాజుపెట్టెలో ఎందుకున్నాయో పిల్లలే చెబుతారు.

ఇప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలోకి వెళ్దాం. అక్కడ ముసుగు వేసుకున్న రెబెక్కా (బైబిల్ కథలోని స్త్రీ) పాలరాతి విగ్రహం ఉంది. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కినది. హైదరాబాద్ నిజాం దగ్గర దివాన్‌గా ఉన్న మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో దాన్ని కొన్నారు. ముఖం మీద పల్చటి బట్ట కప్పినట్టే ఉంటుంది. బట్టా రాయే, ముఖమూ రాయే. చూసిన ప్రతి పిల్లవాడికీ ఒకటే అనుమానం, అది నిజం గుడ్డేమో అని. తేల్చుకోవాలంటే తాకాలి. చెయ్యి ఊరుకోనిది సరిగ్గా ఇక్కడే. పాలరాయి చూడడానికి గట్టిగా కనిపించినా దానికి సన్నటి రంధ్రాలుంటాయి. చేతి జిడ్డు లోపలికి ఇంకితే తెల్లరాయి పసుపు తిరుగుతుంది, దాన్ని బయటికి లాగడం చాలా కష్టం.

అక్కడ నేను పిల్లలకు కళ్లతో చేసే పని ఒకటి ఇస్తాను. "ఆవిడ ముక్కు ముసుగుకు ఎక్కడ తగులుతోంది? బట్ట ఎక్కడ ముడతపడింది? ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కనుంచి చూసి చెప్పండి" అంటాను. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్తాయి. ఒక ఏడో తరగతి అమ్మాయి చాలాసేపు చూసి, "టీచర్, రాయి పల్చగా ఉన్నచోట కాదు, ముడత సరిగ్గా చెక్కినచోట బట్టలా కనిపిస్తోంది" అంది. అది నేను చెప్పిన మాట కాదు.

అదే మ్యూజియంలో రెండు వైపులా ఇద్దరు మనుషులున్న చెక్క బొమ్మ ఉంది. ఇద్దరూ జర్మన్ కవి గొథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని పాత్రలే. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక నుంచి తల వంచుకున్న మార్గరెటా. వెనక నిలువుటద్దం పెట్టారు. ఆ అద్దం ఎందుకుందో పిల్లల్ని అడగండి. చుట్టూ తిరిగి తోసుకోకుండా అందరూ ఒకేచోట నిలబడి రెండు ముఖాలూ చూడాలని. కొన్ని నియమాలు బోర్డు మీద ఉండవు, ఇలా అమరికలోనే ఉంటాయి. తాడు కట్టినచోట, నేల మీద గీత గీసినచోట, కొంచెం ఎత్తు చేసినచోట ఆగి, "ఇది ఎందుకు?" అని అడుగుతూ ఉండండి.

వెలుతురు సంగతి. కొన్ని గదుల్లోకి వెళ్లగానే, "ఏంటి టీచర్, లైట్లు వేయలేదు?" అంటారు. చేతిరాత పుస్తకాలు, చిన్న సైజు రంగుల చిత్రాలు, పట్టుబట్టలు ఉన్నచోట కావాలనే వెలుతురు తగ్గిస్తారు. ఇలాంటి వాటికి వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూడడం మ్యూజియాల్లో మామూలు పద్ధతి. పిల్లలకు లక్స్ కొలతతో పనిలేదు. కిటికీ ఎదురుగోడకు వేలాడదీసిన పెళ్లిఫొటో ఎలా వెలిసిపోయిందో వాళ్లకు తెలుసు. ఎండకు ఆరేసిన రంగుచీర సంగతీ తెలుసు. వెలిసిన రంగును ఎవరూ వెనక్కి తేలేరు. ఈరోజు పడిన వెలుతురు, నిన్న పడిన వెలుతురు అన్నీ కలిసి లెక్కకొస్తాయి. ఒక్క ఫ్లాష్‌తో బొమ్మ పాడైపోతుందని పిల్లల్ని భయపెట్టకండి, అది నిజం కాదు. రోజూ వందలమంది వేస్తే ఎంతవుతుందో, పక్కన నిలబడి చూస్తున్నవాళ్ల కళ్లకు ఎలా ఉంటుందో చెప్పండి. ఫొటోల నియమం మ్యూజియానికో రకంగా ఉంటుంది. కొన్నిచోట్ల ఫోన్‌కు వేరే టికెట్, కొన్ని గ్యాలరీల్లో అసలు కుదరదు. కౌంటర్‌లోనే అడగండి. సెల్ఫీ స్టిక్ ఇంటి దగ్గరే వదిలేయండి.

పరిగెత్తవద్దు అనేదానికి నా దగ్గర రెండు నిజమైన కథలున్నాయి. 2006లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో, ఫిట్జ్‌విలియమ్ మ్యూజియంలో ఒకాయన మెట్ల మీద కాలు జారి పడ్డాడు. ఊడిన బూటు లేసు తొక్కి జారానని చెప్పాడు. ఆయన తగిలి మూడు పెద్ద చైనా పింగాణీ కూజాలు ముక్కలయ్యాయి. వాటిని అతికించడానికి నెలల తరబడి పని పట్టింది. 2015లో తైవాన్‌లో, తైపేలో ఒక ప్రదర్శనలో 12 ఏళ్ల అబ్బాయి చేతిలో కూల్‌డ్రింక్‌తో నడుస్తూ తట్టుకుని పడబోయాడు. ఆపుకోవడానికి చెయ్యి చాపితే అది పాత చిత్రం మీద ఆనింది, కాన్వాస్ చిరిగింది. వీళ్లిద్దరూ అల్లరి చేయలేదు. ఈ కథలు చెప్పాక నేను పిల్లలందరితో బూటు లేసులు కట్టించి, బ్యాగులు క్లోక్‌రూమ్‌లో పెట్టిస్తాను. వీపున బ్యాగు ఉన్నవాడు పక్కకు తిరిగితే వెనక ఏం తగిలిందో వాడికే తెలియదు. చిన్న సంచీ తప్పదనుకుంటే ముందుకు వేసుకోమనండి. క్లోక్‌రూమ్ టోకెన్లన్నీ ఒక్క టీచర్ దగ్గరే ఉండాలి.

తిండి బయటే. బిస్కెట్ పొడి రాలితే చీమలు, బొద్దింకలు, వాటి వెనక ఎలుకలు వస్తాయి. పొడి అయిపోయాక అవి కాగితం, బట్ట, జిగురు మీద పడతాయి. పులిహోర మ్యూజియంలోకి వెళ్లకముందే తినిపించండి. ఆకలేస్తున్న పిల్లవాడు దేన్నీ చూడడు. నీళ్లు తాగించి, బాత్‌రూమ్‌కు పంపించి, అప్పుడు గ్యాలరీలోకి నడిపించండి.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. దాని గురించి గట్టిగా చెప్పదలచుకున్నాను. ఇప్పుడు దాన్ని ఆక్సిజన్ లేని పెట్టెలో భద్రపరిచారు, గాలి తగిలి పాడవకుండా. పిల్లలు గాజు మీద తడతారు, దెయ్యం అంటూ అరుస్తారు, వెనక్కి తిరిగి సెల్ఫీ తీసుకుంటారు. అది బొమ్మ కాదు, ఒక మనిషి. వేల ఏళ్ల కిందట వాళ్లవాళ్లు ఏడుస్తూ, శ్రద్ధగా చుట్టి సాగనంపిన మనిషి. మన ఊళ్లో శవం వెళ్తుంటే మనం ఏం చేస్తాం? పక్కకు జరిగి, మాట ఆపి నిలబడతాం. నేను పిల్లలకు ఆ ఒక్క మాటే చెబుతాను. ఆ గదిలో నేనెప్పుడూ గొంతు పెంచాల్సి రాలేదు.

ఎంత చూడాలన్నది అందరూ అడిగే ప్రశ్న. సాలార్‌జంగ్‌లో 40కి దగ్గరగా గ్యాలరీలున్నాయి, వస్తువులు 40,000కు పైమాటే. ఒక్కరోజులో అన్నీ చూపించాలనే టెన్షన్ పెట్టుకోకండి. రెండు గంటల్లో నాలుగు గ్యాలరీలు చాలు. ముందు మీరొక్కరే ఒకసారి వెళ్లి ఆ నాలుగూ ఎంచుకోండి. పదిమంది పిల్లలకు ఒక టీచర్. అందరూ ఒకే గదిలోకి వెళ్లకుండా జట్లను వేర్వేరు వైపులకు పంపండి. తప్పిపోతే ఎక్కడికి రావాలో ముందే చూపించండి. ఏ గదిలోనైనా ఒక వస్తువు ముందు నిమిషంపాటు నిలబెట్టి, పక్కనున్న వివరాల పలక చదవకుండా చూడమనండి. తర్వాత పలక చదివించండి. ఏం చేశారు, దేనితో చేశారు, ఎక్కడిది, ఎప్పటిది అని ఉంటుంది. రాసుకోవడానికి పెన్ను వద్దు, పెన్సిల్ చాలు. పెన్సిల్ గీత ఎక్కడైనా పడితే చెరపవచ్చు.

సంగీత గడియారం మాత్రం వదలకండి. గంట కొట్టే ముందు చిన్న బొమ్మ బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్తుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు, అందుకే ఆ సమయానికి జనం ఎక్కువ. పది నిమిషాలు ముందే వెళ్లండి. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. పక్కనే గడ్డం ఉన్న కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తితో కొడుతూనే ఉంటుంది. అందరూ గంట కొట్టే బొమ్మ కోసం ఎదురుచూస్తూ వాణ్ని మర్చిపోతారు. మీ పిల్లలకు వాణ్ని చూపించండి.

గ్యాలరీల్లో కుర్చీ వేసుకుని కూర్చునే ఉద్యోగులుంటారు. పిల్లలు వాళ్లకు నమస్తే పెట్టి, "అన్నా, అమ్మా, ఈ గదిలో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడగాలి. రోజంతా వద్దు, వద్దు అని చెప్పి అలసిన మనిషి లేచి నిలబడి చూపిస్తారు. నేను తెలుసుకున్న వాటిలో సగం అలా తెలుసుకున్నవే.

ఈ సేకరణ చాలావరకు మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్‌ది. ఆయన 1949లో చనిపోయారు, పెళ్లి చేసుకోలేదు. 1951 డిసెంబర్ 16న ఆయన ఇల్లు దివాన్ దేవిడీలోనే ఈ మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. అంటే ఆ గడియారంలో, ఆ రెబెక్కాలో మన పిల్లలకూ వాటా ఉంది. ఇది గేటు దగ్గర, టికెట్ చేతికిచ్చేటప్పుడు చెప్పండి.

తిరిగొచ్చాక వ్యాసం రాయమని మాత్రం అనకండి. మర్నాడు తెల్లకాగితం ఇచ్చి, గుర్తున్న ఒక్క వస్తువు బొమ్మ గీయమనండి. బాగా గీయకపోయినా పర్వాలేదు. ఎవరు ఏది గీశారో చూస్తే, వచ్చే ఏడాది ఏ గదిలో ఎక్కువసేపు ఆగాలో మీకు తెలిసిపోతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఈ నెలలోనే బయలుదేరుతున్నవాళ్లు ముందుగా అడిగితే బాగుంటుంది.