కన్ను కుదిరితేనే పిట్ట

హోస్ట్: నమస్కారం. ఇవాళ నా ఎదురుగా బల్ల మీద ఒక లకుముకి పిట్ట ఉంది. లోపలికి రాగానే చప్పుడు చేయకుండా ఆగిపోయాను, ఎగిరిపోతుందేమో అని. తీరా చూస్తే కొయ్య! ఎన్నాళ్లు పట్టిందండీ దీనికి?

గెస్ట్: రెండు నెలలు. చూడండి, జానెడు కూడా లేదు. నిజం లకుముకి 16, 17 సెంటీమీటర్లు ఉంటుంది, ఇదీ అంతే. కింది ముక్కు ఎర్రగా ఉంది కదా, అంటే ఆడపిట్ట. మగదానికి ముక్కంతా నలుపే.

హోస్ట్: ఈ ఈకలు మాత్రం... ఒక్కో పోగు కనిపిస్తోంది.

గెస్ట్: అందరి చూపూ ముందు అక్కడికే పోతుంది. కానీ ఈకలు చివరి పనండీ. పిట్ట ఏం చేయబోతోందో మొద్దు చెక్కేటప్పుడే తేలిపోవాలి. ఇది నీళ్లలోకి చూస్తోంది. అంటే ఒళ్లంతా ముందుకు ఒరగాలి, మెడ పొట్టిగా అణగాలి, వేళ్లు కొమ్మను బిగించి పట్టాలి. నేను మొదట చెక్కిన పిట్టకు ఈకలన్నీ ఎంతో ఓపిగ్గా గీశాను. చూసినవాళ్లు ‘పనితనం బాగుంది’ అన్నారు. పిట్ట బాగుందని ఒక్కరూ అనలేదు. చాలా రోజులకు గానీ తెలియలేదు, తప్పు కాళ్లలో ఉందని.

హోస్ట్: కాళ్లలోనా?

గెస్ట్: పిట్టకు మోకాలు వెనక్కి వంగుతుందని అనుకుంటాం. మనకు కనిపించే ఆ కీలు నిజానికి మడమ. మోకాలు పైన, ఈకల లోపల దాక్కుని ఉంటుంది. అది తెలియక కాళ్లు మరీ వెనక పెట్టేశాను. బతికున్న పిట్టయితే ముందుకు బోర్లా పడేది. అప్పట్నుంచి ఉలి పట్టేముందు రోజుల తరబడి పిట్టల్ని చూస్తూ కూర్చుంటాను.

హోస్ట్: కొయ్య ఏది?

గెస్ట్: ఇది టుపెలో. అమెరికా చిత్తడి అడవుల్లో పెరిగే చెట్టు. నీళ్లలో ఉబ్బిన మొదలు భాగం తేలిగ్గా ఉంటుంది, గ్రైండర్ పెట్టినా పీచు లేవదు. బాస్‌వుడ్ కూడా మంచిదే. ఏ కొయ్యయినా రేఖలు ముక్కు పొడవునా సాగాలి, అడ్డంగా వస్తే పుటుక్కున విరుగుతుంది. ముక్కు కొసకు పల్చటి సూపర్ గ్లూ తాగిస్తే గట్టిపడుతుంది.

హోస్ట్: అసలు ఈ విద్య వేటలోంచి వచ్చిందంటారు, నిజమేనా?

గెస్ట్: నిజమే, దీమపు పిట్టలే మూలం, అంటే వేటలో ఎరగా పెట్టే బొమ్మ పిట్టలు. 1924లో నెవాడాలోని లవ్‌లాక్ గుహలో జమ్ముతో అల్లిన బాతులు దొరికాయి, దాదాపు 2,000 ఏళ్ల నాటివి. అసలు బాతుల్ని దింపడానికి నీళ్ల మీద వదిలేవాళ్లు. తర్వాత కొయ్యవి వచ్చాయి. 1918లో అమెరికాలో వలస పక్షుల చట్టం వచ్చి, అమ్ముకోవడానికి వేటాడటం ఆగింది. మేరీలాండ్‌లోని క్రిస్‌ఫీల్డ్‌లో లెమ్ వార్డ్, స్టీవ్ వార్డ్ అని అన్నదమ్ములు ఉండేవాళ్లు. వృత్తి క్షౌరం. వేటగాళ్ల కోసం చెక్కుతూ చెక్కుతూ, చూసుకోవడానికి దాచుకునే పిట్టల దాకా వెళ్లారు. నాకు వాళ్లంటే చాలా ఇష్టం. కడుపు నింపుకోవడానికి చేసే పనిలో అంత ప్రేమ పెట్టారు.

హోస్ట్: నన్ను ఆపేసింది మాత్రం ఆ కన్నేనండీ.

గెస్ట్: ద్రోణుడు చెట్టు మీద పెట్టించింది కూడా శిల్పులు చేసిన బొమ్మ పిట్టే కదా! అర్జునుడి గురి గురించి చెప్పుకుంటాం గానీ, ఆ పిట్టను చేసిన చేతుల గురించి ఎవరూ అడగరు. ఇది గాజు కన్ను. పుట్టీలో కూర్చోబెట్టి, చుట్టూ సన్నగా రెప్ప దిద్దాలి. రెండు కళ్లూ ఒకే ఎత్తులో, ఒకే లోతులో ఉండాలి. ఒకటి కాస్త పైకి పోయినా పిట్ట బెదిరినట్టు కనిపిస్తుంది. అక్కడ ఇప్పటికీ టెన్షనే నాకు. దీనికి నాలుగుసార్లు తీసి పెట్టాను.

హోస్ట్: ఆ తర్వాత ఈకలా?

గెస్ట్: అవును, బర్నింగ్ పెన్‌తో, అంటే కొన వేడెక్కి కొయ్య మీద కాల్చి గీసే కలంతో. ఈకకు నడుమ ఈనె, అటూ ఇటూ పోగులు. గీతలు తిన్నగా గీస్తే దువ్వెన పళ్లలా ఉంటాయి, కొద్దిగా వంపు కావాలి. అక్కడక్కడా ఈక చీలి ఉండాలి, నిజం పిట్టకు అలాగే ఉంటుంది.

హోస్ట్: మరి ఈ నీలం?

గెస్ట్: అదే నన్ను బాగా ఏడిపించింది. లకుముకి వీపు ఈకల్లో నీలం రంగు పదార్థమే ఉండదు. ఈక లోపలి సూక్ష్మమైన అల్లిక వెలుతుర్ని చెదరగొట్టే తీరుకే మనకు నీలం కనిపిస్తుంది. పొట్ట మీది నారింజ మాత్రం అసలైన రంగు. అందుకే పొట్ట తేలిగ్గా వచ్చింది. వీపుకు ట్యూబులోని నీలం పూస్తే గోడకు సున్నం కొట్టినట్టుంది. గీకేశాను. నీళ్లలా పల్చటి పూతలు ఒకదాని మీద ఒకటి వేసి, మధ్యలో అభ్రకం పొడి కలిసిన రంగు వాడాను. ఆ దీపం కొంచెం ఎడమకు జరపండి.

హోస్ట్: ఇలాగా?

గెస్ట్: ఇంకాస్త. ఇప్పుడు వీపు చూడండి.

హోస్ట్: అరె... ఆకుపచ్చ తగిలింది!