గేర్‌బాక్స్ దించే ముందు ఒక అరగంట

అందరికీ నమస్కారం. డ్రైవరన్నలు, ఓనర్లు, ఈ మధ్యే పనిలో చేరిన తమ్ముళ్ళు అందరూ ఉన్నారు కాబట్టి సూటిగా విషయంలోకి వస్తాను. మన గాజువాక ఆటోనగర్‌కి పాత లారీ వస్తే డ్రైవర్ దిగీదిగగానే చెప్పే మాట "క్లచ్ పోయింది". క్లచ్ ప్లేట్ ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉంటుంది కాబట్టి, ఆ మాట చెవిన పడగానే మనం బండి కింద దూరి గేర్‌బాక్స్ దించేస్తున్నాం. రోజంతా చాకిరీ, ఓనర్‌కి చేతిచమురు, తీరా కొత్త ప్లేట్ వేసి అంతా ఎక్కించాక పెడల్ తొక్కితే జబ్బు అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ప్లేట్‌లో లేనే లేదు. అందుకే బతిమాలి చెబుతున్నా, దించే ముందు ఒక అరగంట చూడండి.

మొదట డ్రైవర్‌ని అడగాల్సింది, బండి లాగట్లేదా, గేర్లు పడట్లేదా అని. ఈ రెండూ వేరు వేరు జబ్బులు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది గానీ బండి స్పీడ్ అందుకోవట్లేదు, కాలిన వాసన వస్తోంది అంటే ప్లేట్ గట్టిగా పట్టకుండా జారుతోంది. పెడల్ అడుగుదాకా తొక్కినా ఫస్ట్ గేర్, రివర్స్ కరకరమంటున్నాయి, బండి ముందుకు పాకుతోంది అంటే ప్లేట్ ఇంజన్ నుంచి విడవట్లేదు.

జారుతోందో లేదో తేల్చుకోవాలంటే చదునైన చోట ఆపి, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసుకుని, చక్రాలకి అడ్డు పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. టాప్ గేర్ వేసి, కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ ఆగిపోతే క్లచ్ పడుతున్నట్టే. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతోంది. ఒక్కసారి చాలు, మళ్ళీ మళ్ళీ చేస్తే ప్లేట్ మీద పట్టు ఇచ్చే పొర, అదే లైనింగ్, ఉన్నది కూడా కాలిపోతుంది.

జారుతోందని తేలినా అప్పుడే స్పానర్ పట్టుకోవద్దు. పెడల్‌ని చేత్తో నొక్కి చూడండి. పెడల్ వదులు సర్దుకునే సెట్టింగ్ ఉన్న పాత బండ్లలో మొదట కొంత దూరం వదులుగా పోవాలి, దాన్నే ఆట అంటాం, చాలా బండ్లకి సుమారు 25 మిల్లీమీటర్లు, అసలు కొలత ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ప్లేట్ అరిగేకొద్దీ ఈ ఆట తగ్గిపోతుంది. అస్సలు లేకపోతే, పెడల్ తొక్కినప్పుడు ప్లేట్‌ని విడిపించే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఆని ఉండి ప్లేట్‌ని పూర్తిగా పట్టనివ్వదు. ఆట మరీ ఎక్కువైతే ప్లేట్ విడవదు. ఏదైనా ముందు సెట్టింగే.

ఇంకొకటి చాలామంది వదిలేస్తున్నారు. పొద్దున బాగానే లాగి, బండి వేడెక్కాక జారుతుంటే, పెడల్ మీద కాలు లేకుండా, గేర్‌బాక్స్ దగ్గర ఆయిల్ ప్రెషర్‌తో క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్‌కి ఉన్న గాలి తీసే నిపుల్ కొంచెం వదులు చేయండి. ఆయిల్ చివ్వున చిమ్మి, ఆ తర్వాత క్లచ్ పట్టిందంటే లోపల ప్రెషర్ బిగుసుకుపోయిందన్నమాట. పెడల్ దగ్గర ఆ ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్ రాడ్‌కి గ్యాప్ లేకపోయినా, ఆయిల్ వెనక్కి పోయే చిన్న రంధ్రం పూడుకుపోయినా ఇలా అవుతుంది. దానికి గేర్‌బాక్స్ దించడం ఎందుకు?

గేర్లు పడకపోతే రెండు మూడుసార్లు పెడల్ కొట్టి చూడండి. అప్పుడు పడుతున్నాయంటే లైన్‌లో గాలి ఉంది, లేదా సిలిండర్ రబ్బర్లు పోయాయి. స్లేవ్ సిలిండర్ రబ్బర్ బూటు వెనక్కి లాగి వేలు పెట్టండి, తడి తగిలితే అక్కడే లీక్. లీక్ బయటికి కనపడకపోయినా, తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతోందంటే మాస్టర్ సిలిండర్‌ని అనుమానించాలి. క్లచ్ ఆయిల్ అంటున్నది అసలు బ్రేక్ ఫ్లూయిడే, అది గాల్లో తేమని పీలుస్తుంది, మన విశాఖ సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు కదా. రంగు నల్లబడితే మార్చేయండి. బ్రేక్ ఫ్లూయిడ్ పోయాల్సిన చోట ఇంజన్ ఆయిల్ మాత్రం పోయొద్దు, రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది.

చప్పుడు విషయం త్వరగా చెప్పేస్తా. న్యూట్రల్‌లో పెడల్ తొక్కగానే మొదలైతే రిలీజ్ బేరింగ్. వదిలినప్పుడు ఉండి తొక్కితే పోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. వర్షాకాలంలో వారాల తరబడి నిలబెట్టిన బండి గేర్ పడకపోతే ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కి, అంటే ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రానికి, అతుక్కుని ఉండొచ్చు, అది అరిగిందని కాదు.

ఇవన్నీ చూశాక కూడా దించాల్సి వస్తే తప్పకుండా దించండి. అప్పుడు మాత్రం ప్లేట్ ఒక్కటీ మార్చి సరిపెట్టొద్దు ఓనర్లూ, మళ్ళీ రిలీజ్ బేరింగ్ కోసం అదే కూలీ మీరే కట్టాలి. పాత ప్లేట్ మీద నూనె ఉంటే ఇంజన్ వెనక ఆయిల్ సీల్, గేర్‌బాక్స్ ముందు సీల్ చూడకుండా కొత్తది వేయొద్దు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్న పగుళ్ళు ఉంటే టర్నింగ్‌కి ఇవ్వాలో మార్చాలో తేల్చుకోండి.

డ్రైవరన్నా, పోర్టు రోడ్డు లైన్లో గంటలు నిలబడాల్సినప్పుడు హాఫ్ క్లచ్‌లో బండి ఆపకు. న్యూట్రల్ చేసి కాలు తీసెయ్.

తమ్ముళ్ళూ, క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో ఉన్న నల్లటి పొడిని కంప్రెషర్ గాలితో ఊదొద్దు. పాత ప్లేట్ల లైనింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత జబ్బు చేస్తుంది. నీళ్ళతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. మాస్కు పెట్టుకోండి, ఆ బట్టలతో ఇంటికెళ్ళి పిల్లల్ని ఎత్తుకోవద్దు.