అంతరిక్ష యుద్ధాల అభిమానులకు కొన్ని నవలలు

మిత్రులారా,

సినిమాల్లో అంతరిక్ష యుద్ధం చూసి ఇష్టం పెంచుకున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. గాలే లేనిచోట ఆ పేలుళ్ల మోత ఎలా వినిపిస్తుందన్న అనుమానం కూడా మీకు వచ్చే ఉంటుంది. అలాంటి అనుమానాలు వచ్చే పాఠకుల కోసమే ఈ ఇంగ్లీషు నవలలు చెబుతున్నాను. వీటిలో సైనికులు శత్రువు కంటే ముందు దూరంతో, కాలంతో పోరాడాలి.

మొదట చదవాల్సింది 2006లో వచ్చిన ‘ద లాస్ట్ ఫ్లీట్: డాంట్‌లెస్’. పుస్తకం మీద కనిపించే జాక్ క్యాంబెల్ అన్నది కలంపేరు. అసలు రచయిత జాన్ హెమ్రీ, అమెరికా నౌకాదళంలో అధికారిగా పనిచేసి రిటైరయ్యారు. కెప్టెన్ గేరీ వందేళ్ల నిద్ర నుంచి లేచేసరికి తాను పోరాడిన యుద్ధమే ఇంకా సాగుతూ ఉంటుంది. ఆరితేరిన అధికారులు ఎప్పుడో చనిపోయారు. ఎదురుపడ్డ శత్రువు మీదకి గుడ్డిగా దూకడమే వీరత్వమని మిగిలినవాళ్లు నమ్ముతున్నారు. శత్రువు ఏలుబడిలో చిక్కుకున్న తమ పక్షం నౌకలన్నిటినీ గేరీ ఇంటికి చేర్చాలి.

సూర్యుడి వెలుగు మనల్ని చేరడానికి సుమారు 8 నిమిషాలు పడుతుంది కదా. శత్రువు ఒక కాంతిగంట దూరంలో, అంటే కాంతి గంటలో వెళ్లేంత దూరంలో ఉంటే, గేరీకి కనిపించేది గంట కిందటి శత్రువే. ఈలోగా వాళ్లు దారి మార్చి ఉండొచ్చు. తన నౌకలకు ఇచ్చే ఆజ్ఞ కూడా దూరాన్ని బట్టి ఆలస్యంగానే చేరుతుంది. గంటల తరబడి దగ్గరవుతారు, కాల్పులు మాత్రం రెప్పపాటులో అయిపోతాయి. ఆ ఎదురుచూపులో ఉన్న టెన్షన్ నాకు మరే నవలలోనూ దొరకలేదు. పాత్రల మాటల్లో అంత పస లేదు, అయినా చదవండి.

జో హాల్డమన్ రాసిన ‘ద ఫరెవర్ వార్’ (1974) ఇంకా లోతైనది. ఆయన భౌతికశాస్త్రం చదివి, వియత్నాం యుద్ధానికి వెళ్లి, తీవ్రంగా గాయపడి వచ్చినవారు. కథానాయకుడు మాండెల్లాకు యుద్ధం కొన్నేళ్లే. కాంతివేగానికి దగ్గరగా ప్రయాణించడం వల్ల భూమి మీద మాత్రం శతాబ్దాలు గడిచిపోతాయి. తిరిగొచ్చిన సైనికుడికి తన ఊరే పరాయిదైపోవడాన్ని సాపేక్ష సిద్ధాంతంతో చెప్పడం నన్ను కదిలించింది. అందులో నౌకల పోరు కంప్యూటర్లు నడుపుతాయి. నౌక విపరీతంగా వేగం పుంజుకునేటప్పుడు శరీరం మీద పడే ఒత్తిడిని తట్టుకోవడానికి మనుషులు ద్రవం నింపిన తొట్లలో, బతుకుతామో లేదో తెలియక పడుకుని ఉంటారు.

శరీరం మీద పడే ఆ ఒత్తిడి నచ్చితే జేమ్స్ కోరీ పేరుతో ఇద్దరు కలిసి రాసిన ‘లెవయథన్ వేక్స్’ (2011) తీసుకోండి. తెరచాప ఓడల కాలంనాటి వ్యూహాలు ఇష్టమైతే డేవిడ్ వెబర్ ‘ఆన్ బాసిలిస్క్ స్టేషన్’ (1993) ఉంది. మధ్యలో సాంకేతిక వివరణలు సాగుతాయి, చివర్లో నౌకను తరుముకుంటూ వెళ్లే ఘట్టం కోసం ఓపిక పట్టండి.

హైన్‌లైన్ ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ (1959) ముఖ్యమైన నవలే. కాని అందులో పోరాటం ప్రధానంగా నేల మీద, పదాతిదళానిది. నౌకల యుద్ధం కోరుకునేవాళ్లు దాన్ని తర్వాత చదవొచ్చు. ముందు గేరీ, వెంటనే మాండెల్లా.