54, 59, 121: 2024 బేస్‌బాల్ సీజన్ రివ్యూ

నమస్కారం అండీ. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2024 సీజన్ గురించి చెప్పమంటే నేను మూడు అంకెలు చెబుతాను. 54, 59, 121. మొదటి రెండూ ఒక మనిషివి. మూడోది ఒక జట్టు నెత్తిన పడింది, పాపం.

ముందు ఆ మనిషి సంగతి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఆటగాడు షొహేయ్ ఒహ్తానీ. మోచేతి శస్త్రచికిత్స వల్ల ఆ ఏడాది బంతి విసరలేదు, బ్యాటు మాత్రమే పట్టాడు. 54 హోమ్ రన్‌లు కొట్టాడు, 59 బేసులు దొంగిలించాడు. బేసు అంటే పరుగు పూర్తి కావడానికి వరుసగా తాకాల్సిన నాలుగు మూలల్లో ఒకటి. హోమ్ రన్ అంటే మన సిక్సర్‌కు దగ్గరి చుట్టం. దొంగతనం అంటే, పిచ్చర్ బంతి విసిరే అదను చూసి, కన్నుగప్పి తర్వాతి బేసుకు ఉరకడం. బలంగా బాదేవాళ్లు అలా ఉరకరు, ఉరికేవాళ్లు అంత బలంగా బాదలేరు. ఒకే సీజన్‌లో రెండింటిలోనూ 50 అందుకున్నవాడు అంతకు ముందు ఒక్కడూ లేడు.

సెప్టెంబరు 19న మయామిలో జరిగిన ఆట మాత్రం వీలైతే వెతికి చూడండి. 48 హోమ్ రన్‌లు, 49 దొంగతనాలతో మైదానంలోకి దిగాడు. ఆరుసార్లు బ్యాటింగుకు వచ్చి ఆరుసార్లూ హిట్టే, అంటే కొట్టిన దెబ్బతో బేసు చేరాడు. మూడు హోమ్ రన్‌లు, రెండు దొంగతనాలు, అతని దెబ్బలతో జట్టు ఖాతాలో చేరినవి 10 పరుగులు. డాడ్జర్స్ 20-4తో గెలిచింది. మూడో ఇన్నింగ్స్‌లో రెండో బేసు దాకా చేర్చే దెబ్బను (డబుల్) మూడో బేసు దాకా (ట్రిపుల్) సాగదీయబోయి మూడో బేసు దగ్గర అవుటయ్యాడు. ఆ రాత్రి అతనికి జరిగిన చెడు అదొక్కటే.

నిజం చెప్పాలంటే రెండు మినహాయింపులు ఉన్నాయి. చివరి హోమ్ రన్‌కు బంతి విసిరింది అసలు పిచ్చరే కాదు, ఆట ఎలాగూ చేజారిందని పంపిన ఫీల్డరు. ఇక 2023 నుంచి బేసుల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది, రన్నరును బెదిరించడానికి పిచ్చర్‌కు ఉన్న అవకాశాలూ తగ్గాయి. దొంగలకు మంచి కాలమే. అయినా 63 సార్లు ఉరికి నాలుగుసార్లే దొరికాడంటే ఘనతంతా నిబంధనలకే ఇవ్వలేం.

అతని బ్యాటింగ్ సగటు .310. క్రికెట్ సగటుతో పోల్చకండి, వంద ప్రయత్నాలకు 31 హిట్లని అర్థం. లీగ్ మొత్తం సగటు .243 ఉన్న ఏడాది అది. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 58 హోమ్ రన్‌లతో .322 కొట్టాడు, అదొక వేరే వీడియోకు సరిపోయే కథ.

ఇప్పుడు 121. షికాగో వైట్ సాక్స్ ఓటముల లెక్క. 162 ఆటల్లో 41 గెలుపులే. 1900 తర్వాత ఒక సీజన్‌లో ఇన్ని ఓడిన జట్టు లేదు. 1962లో న్యూయార్క్ మెట్స్ ఓడినవి 120. నన్నడిగితే ఒహ్తానీ అంకెల కన్నా ఇదే వింత. ఈ ఆటలో ఎంత బలహీన జట్టయినా మూడింట ఒకటి గెలవడం మామూలు. వీళ్లు వరుసగా 21 ఓడారు. ఆ వరుస తెగిన రెండు రోజులకే మేనేజర్‌ను తీసేశారు.

కాగితం తీసుకోండి, పరుగులను బట్టి ఎన్ని గెలవాలో అంచనా కట్టే లెక్క ఒకటి ఉంది, వేద్దాం. వాళ్లు చేసిన పరుగులు 507, ఇచ్చినవి 813. 507 వర్గాన్ని రెండు వర్గాల మొత్తంతో భాగిస్తే .28 వస్తుంది. 162తో గుణిస్తే దాదాపు 45. అంటే ఆ ఆటతీరుకే 45 గెలవాలి, నాలుగు తక్కువ గెలిచారు. దురదృష్టం కొంచెమే, మిగతాదంతా చేజేతులా చేసుకున్నది. సొంత మైదానంలోనే అభిమానులు జట్టును అమ్మేయమని నినాదాలు చేశారు.

గెలుపు శాతం చూస్తే మాత్రం మెట్స్‌ది .250, వీళ్లది .253. మెట్స్‌కు గెలుపో ఓటమో తేలినవి 160 ఆటలే మరి!

120 ఓటముల దగ్గర నిలిచి, వైట్ సాక్స్ సొంతగడ్డపై ఏంజెల్స్ జట్టును మూడుసార్లు ఓడించారు. సెప్టెంబరు 27న డెట్రాయిట్‌లో 4-1తో ఓడి రికార్డు మూటగట్టుకున్నారు. అదే గెలుపుతో డెట్రాయిట్ జట్టు టైగర్స్ పదేళ్ల తర్వాత ప్లేఆఫ్స్‌కు చేరింది. ఒకే మైదానంలో వాళ్ల సంబరాలు, వీళ్ల దించిన తలలు. ఆ టైగర్సే 2003లో 119 ఓడిన జట్టు. తర్వాతి రెండు రోజులూ అదే టైగర్స్‌ను వైట్ సాక్స్ ఓడించింది. చివరి ఆరింటిలో ఐదు గెలుపులు!