గండికోటకు ఫోటో, గువ్వలచెరువుకు వీడియో

మొన్న గండికోట పోయి వచ్చి నాలుగు ఫోటోలు పెట్టానో లేదో, ఫ్రెండ్ ఫోన్ చేశాడు. "ఏం మామా, హెల్మెట్‌కి కెమెరా కట్టుకొని పోయి ఫోటోలు పెడతావా? వీడియో ఏదీ?"

వీడియో ఉంది. బాగాలేదు, అందుకే పెట్టలేదు. ఎందుకు బాగాలేదో ఇప్పుడు మీరే చూడండి.

ఇది జమ్మలమడుగు దాటినాక రోడ్డు. ఇక్కడి నుంచి కోటకు ఒక 15 కిలోమీటర్లు. పక్కన చేనికి కంచెగా బండలు పాతారు చూశారా? అవి అదురుతున్నట్టు, ఎగిరెగిరి పోతున్నట్టు ఉన్నాయి కదా. మన కడప ఎండకి ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరా షట్టర్ స్పీడ్ బాగా పెంచేస్తుంది, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే టైము తగ్గించేస్తుంది. ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టు వస్తుంది గానీ, ఒకదానికొకటి అతకదు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోకి షట్టర్ సెకనులో 60వ వంతు ఉంటే కంటికి సాఫీగా ఉంటుంది. దానికి లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ బిగించాలి. కెమెరాకి కూలింగ్ గ్లాస్ అనుకోండి. అది నేను ఇంట్లో టీవీ మీద పెట్టి మర్చిపోయా.

ఇంకోటి, స్పీడు. ఇక్కడ మీటర్ మీద 50 ఉంది. చూస్తే 80 అనిపిస్తుంది. వైడ్ లెన్స్‌లో అంచుల దగ్గరివన్నీ సాగిపోయి సర్రున వెనక్కి పోతాయి. పోయినసారి వీడియో చూసి మా మామ "ఎవరి కొంప ముంచడానికి రా ఆ స్పీడు" అని అరగంట తిట్టాడు. ఒట్టేసినా నమ్మలేదు.

ఇదే లెన్స్ లోయ దగ్గర రివర్స్‌లో పనిచేస్తుంది. ఎర్రమల కొండల్ని పెన్నమ్మ కోసుకుంటూ పోయిన లోయ అది. అంచున నిలబడితే కాళ్లలో వణుకొస్తుంది. వీడియోలో చూస్తే మా ఊరి వాగంత! రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి తీశా, లోతు తెలిస్తే ఒట్టు. అప్పుడు బండి స్టాండేసి, గ్లౌజులు తీసి, బాగా వెనక్కి వచ్చి ఫోన్ జూమ్ చేశా. అక్కడ బండ కొసన ఇద్దరు కూర్చొని ఉన్నారు. వాళ్లు ఫ్రేములోకి వచ్చేసరికి లోయ లోయలాగా కనిపించింది. మనిషి గోరంత, రాయి కొండంత. అమ్మ ఆ ఫోటో చూసి ఏమందో తెలుసా? "వాళ్లను వెనక్కి రమ్మని చెప్పకుండా ఫోటో తీసుకుంటూ నిలబడ్డావా?"

గువ్వలచెరువు ఘాట్ మాత్రం ఫోటోకి లొంగదు. కడప నుంచి రాయచోటి పోయే దారి తెలుసు కదా. ఎన్ని ఫోటోలు తీసినా ఒక మలుపు, ఒక లారీ, ఒక బోర్డు. అంతే. అక్కడ వీడియో ఉండాల్సిందే. అయితే హొరైజన్ లాక్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు బండిని ఎంత ఒరగేసినా రోడ్డు టేబుల్ మీద పెట్టినట్టు సమంగానే ఉంటుంది, మలుపు తిరిగిన కిక్కే ఉండదు. మైక్‌ని హెల్మెట్ లోపల చెంప ఫోమ్ వెనక దూర్చండి, గాలి హోరు తగ్గుతుంది.

ఇంటి దగ్గర నుంచే రికార్డింగ్ నొక్కి వదిలేయొద్దు. సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ. ఒకసారి అట్లే పోయి, ఘాట్ మొదలయ్యే చోట కార్డు ఫుల్ అయి తల పట్టుకున్నా.

పైన పాలకోవా అంగడి దగ్గర కూడా కెమెరా ఆపలేదు నేను. అప్పటిదాకా గలగలా మాట్లాడుతున్న అంగడి పెద్దాయన హెల్మెట్ మీద ఎర్ర లైటు చూసి, చొక్కా సర్దుకొని, "రండి సార్" అన్నాడు. అంతకు ముందు "ఏం నాయనా" అన్న మనిషి! ఆపేశా. కాగితంలో కోవా, పక్కన దుమ్ము పట్టిన నా గ్లౌజు, ఒక్క ఫోటో తీసుకున్నా. అదే ఈ వీడియో థంబ్‌నెయిల్.

ఇప్పుడు ఘాట్ నాలుగు నిమిషాలు కట్ లేకుండా వేస్తున్నా. మ్యూజిక్ పెట్టలేదు. మూడో మలుపులో లోడు లారీ ఒకటి ఎయిర్ బ్రేక్ వదులుతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి.