అమ్మ చెయ్యి ఊపితే డల్లాస్‌లో అలారం

హాయ్ అండీ, నమస్తే. ఈసారి వీడియో డల్లాస్ నుంచి కాదు, వనస్థలిపురంలో మా అమ్మావాళ్ల ఇంటి నుంచి. "అక్కడి పెరడు, ఫ్రిజ్ అన్నీ చూపించావు, ఇక్కడికొస్తే వీడియోలే లేవేంటి?" అని వదిన అడిగింది. అందుకే ఇవాళ గేటు మీద సీసీ కెమెరా సెట్టింగ్స్.

సంక్రాంతికి అన్నయ్య పెట్టించాడు. అప్పట్నుంచీ నా ఫోను మోగుతూనే ఉంది. అమ్మ దండెం మీద చీర ఆరేస్తే, గాలికి ఊగినప్పుడల్లా ఒక అలర్ట్. రాత్రి కెమెరా లైటుకు పురుగులు, వాటి కోసం లెన్స్ ముందు సాలీడు గూడు. ఒక్కరోజే 143 వచ్చాయి, లెక్కపెట్టా. డల్లాస్‌లో అయితే, పోలీసులకు కబురు వెళ్లే అలారం పెట్టుకోవాలంటే ముందు పర్మిట్ తీసుకోవాలి. ఉత్తుత్తి అలారాలకు వాళ్లు పదే పదే రావాల్సి వస్తే ఆ బిల్లు మనమే కట్టాలి.

ఫిట్ చేసిన అబ్బాయికి ఫోన్ చేస్తే "అక్కా, ఎల్బీనగర్‌లో ఉన్నా, వచ్చేస్తున్నా" అన్నాడు. మూడు రోజులు ఎల్బీనగర్‌లోనే ఉన్నాడు పాపం. ఇక నేనే కూర్చున్నా.

ముందు రికార్డింగ్. కెమెరాలో 64 జీబీ కార్డు ఉంది. 2 ఎంబీపీఎస్ (సెకనుకు 2 మెగాబిట్లు) దగ్గర ఆపకుండా రికార్డు చేస్తే రోజుకు 21 జీబీ పైనే అవుతుంది, అంటే మూడు రోజులకే నిండిపోతుంది. పైగా దొంగ కెమెరానే పీక్కుపోతే కార్డు కూడా పోయినట్టే కదా! డల్లాస్‌లో నేను క్లౌడ్‌కి, అంటే రికార్డింగ్‌ని ఇంటర్నెట్‌లో దాచిపెట్టడానికి, నెలకు 10 డాలర్లు కడతా, మన డబ్బుల్లో 850 పైమాటే. అమ్మ వింటే "ఆ డబ్బుతో నెలకు సరిపడా కూరగాయలొస్తాయే" అంటుంది. అందుకని మెట్రో ఎక్కి కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లా, ఇంటి రౌటర్‌కి కలిపి రికార్డింగ్ దాచుకునే నెట్‌వర్క్ హార్డ్‌డిస్క్ కోసం. పక్కనే సుల్తాన్ బజార్ ఉంటే ఊరుకుంటామా! రెండు డజన్ల గాజులు, నైటీలు, చివర్న గుర్తొచ్చి హార్డ్‌డిస్క్.

డిస్క్‌ని రౌటర్‌కి కలిపి, దాని ఐపీ అడ్రస్ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని నంబరు), ఫోల్డర్ పేరు కెమెరాలో కొట్టా. ఓకే అంది. సాయంత్రం కరెంటు పోయి వచ్చాక చూస్తే రికార్డింగ్ లేదు. రౌటర్ డిస్క్‌కి కొత్త అడ్రస్ ఇచ్చేసింది, కెమెరా పాత అడ్రస్‌లోనే వెతుక్కుంటోంది. రౌటర్‌లోకి వెళ్లి ఆ అడ్రస్ మారకుండా ఫిక్స్ చేశా. రౌటర్నీ డిస్క్‌నీ ఇన్వర్టర్‌కి కలిపా.

అలారం రాత్రి 11 నుంచి 5 వరకే పెట్టా. తొమ్మిదింటికి నాన్న గేటు తాళం వేయడానికి వెళ్తే ఫోను మోగింది. అదేంటి అని చూస్తే కెమెరా గడియారం బీజింగ్ టైమ్‌లో ఉంది, మనకంటే రెండున్నర గంటలు ముందు! ఆర్నెల్లుగా మా గేటు చైనాలో ఉంది.

తర్వాత ఎర్ర గళ్లు. స్క్రీన్ మీద ఏ గళ్లు వెలిగించి ఉంచితే అక్కడి కదలికే లెక్క. గేటు దగ్గరవి ఉంచి దండెం వైపు చెరిపేస్తుంటే అమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"నా వైపు తుడిచేస్తున్నావేంటే?"

"చీరలకే మోగుతోందమ్మా."

"చీరలకేం కాదు. నువ్వు ఫోన్ ఎత్తనప్పుడు అక్కడ నిలబడి చెయ్యి ఊపుతా. పది నిమిషాల్లో నువ్వే చేస్తావు."

నిద్రలోంచి లేచి, మీటింగ్‌లోంచి బయటికొచ్చి, ఏమైందోనని వణుక్కుంటూ చేసిన ఫోన్లవి. ప్రతిసారీ "ఏం లేదే, ఊరికే" అనేది.

కోపంగా ఓ మాట అందామనుకున్నా, రాలేదు. వీడియోలో ఈ ముక్క కట్ చేయాలో లేదో ఇంకా అనుకోలేదు.

అమ్మ నిలబడే తులసికోట దగ్గర నాలుగు గళ్లు మళ్లీ వెలిగించా. షెడ్యూల్‌లో ఉదయం 7 నుంచి 8 కూడా కలిపా. డల్లాస్‌లో అప్పుడు రాత్రి ఎనిమిదిన్నర, గిన్నెలు తోముకునే టైమ్.

అమ్మ వేళ్ల మీద లెక్కేసుకుంది. "చలికాలంలో మీ గడియారం గంట వెనక్కి వెళ్తుందిగా, అప్పుడు ఇది ఎవరు మారుస్తారే?"